సన్‌రూఫ్ బాగానే పనిచేస్తోంది

కొత్త కారు కొనుక్కున్నవాళ్ళని చూస్తే జాలేస్తుంది. తాళం తిప్పుతారు, అది కదులుతుంది. ఎక్కడికి వెళ్ళాలనుకుంటే నేరుగా అక్కడికే వెళ్ళిపోతారు. దారిలో ఒక పరిచయం లేదు, కొత్తగా నేర్చుకున్నదీ లేదు. అదీ ఒక బతుకేనా? మనిషి ఎదగాలంటే సర్టిఫైడ్ సెకండ్‌హ్యాండ్ కారే కొనాలి.

నమ్మకపోతే మన ప్రూఫ్‌రీడర్ సంగతి వినండి.

ఆయన ఒక అచ్చాఫీసులో ఇరవై ఆరేళ్ళుగా తప్పులు దిద్దుతున్నాడు. కామా ఒక అక్షరం పక్కకి జరిగినా వదలడు. కాగితం మీది తప్పుల్నే సుమా. ఎదురుగా ఉన్న మనిషి తప్పుచేస్తే మాత్రం నోరు పెగలదు. హోటల్లో చల్లారిన టీ తెచ్చిపెడితే, తనే ఆలస్యంగా వచ్చానేమో అనుకుని గుటుక్కున తాగేసే రకం.

ఆయన కారు కొన్నది షోకుకి కాదు. భార్యకి అక్క, అంటే ఆయనకి వదిన, వీళ్ళింట్లోనే ఉంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళాలి. టాక్సీవాళ్ళేమో తక్కువ దూరమని సరిగ్గా బయల్దేరే వేళకి రద్దు చేసేస్తున్నారు. ఇక లాభం లేదని ఆయన షోరూముకి వెళ్ళాడు.

అక్కడ మేనేజరు కారుకన్నా ముందు సర్టిఫికెట్ చూపించాడు. రెండువందల అంశాల్లో తనిఖీ. రంగుల కాగితం, రెండు స్టాంపులు, కింద తనిఖీ నిపుణుడి సంతకం. ప్రతి అంశం పక్కనా ఒక ఆకుపచ్చ టిక్కు. రెండువందల టిక్కుల్లో ఒక్కటీ వంకరపోలేదు. ప్రూఫ్‌రీడర్‌కి ముచ్చటేసింది. కాగితం అందం చూశాడే గానీ చదవలేదు. రోజూ చదివే ఉద్యోగం కదా, సెలవు రోజున కళ్ళు మొరాయించాయి.

ఇక ప్రయోజనాలు మొదలయ్యాయి.

మొదటి వారం కుడివైపు ఇండికేటర్ వేస్తే వైపర్లు ఊగడం మొదలుపెట్టాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో అవి అటూ ఇటూ ఊగుతుంటే, ఎదురొచ్చేవాళ్ళు తమకి చెయ్యి ఊపుతున్నాడనుకుని తామూ ఊపేవాళ్ళు. పదేళ్ళుగా ముఖాలు తెలియని ఆ వీధివాళ్ళందరితో పది రోజుల్లో పరిచయాలైపోయాయి. కొత్త కారు ఇవ్వగలదా ఈ భాగ్యం?

రెండో వారం కాళ్ళకింద తడి మొదలైంది. చుక్క వాన లేని నెల. ఏసీ వేస్తే నిలవనీటి వాసన. వీధి చివర మెకానిక్ ముందు సీటు కింది కార్పెట్ ఎత్తి, గడ్డకట్టిన బురదని వేలితో గీకి చూపించాడు.

"ఇది నీళ్ళలో మునిగిన బండండీ. సీట్ల దాకా మునిగుంటుంది."

"సర్టిఫికెట్ ఉందే" అన్నాడు ప్రూఫ్‌రీడర్.

"అయితే సర్టిఫికెట్ మునగలేదన్నమాట" అన్నాడు మెకానిక్.

ఆయన కంపెనీ యాప్‌లో ఫిర్యాదు పెట్టాడు. గంట తిరక్కుండా జవాబొచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకి ఎన్ని నక్షత్రాలిస్తారు? మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పరిష్కరించబడింది. మూడోసారీ అంతే. కారుని చేత్తో ముట్టుకోకుండానే దాని జబ్బులు నయం చేసే వైద్యులు ఇంకెక్కడైనా ఉన్నారా? ఆయన మొహమాటపడి నాలుగు నక్షత్రాలిచ్చాడు.

ఇదంతా భరించేవాడే, ఒక బుధవారం మధ్యాహ్నం వాన పడకపోతే.

వదినని డయాలసిస్‌కి తీసుకెళ్తుంటే నాలుగురోడ్ల కూడలిలో కారు ఆగిపోయింది. ఎంత తిప్పినా ఇంజనుకి చలనం లేదు. వెనక హారన్ల మోత. ఆమెని లోపలే కూర్చోమని, తోయడానికి మనుషుల్ని పిలుచుకొద్దామని ఎదురుగా ఉన్న సైకిల్ షాపుకి పరుగెత్తాడు. వానలో ఇద్దర్ని బతిమాలి వెంటబెట్టుకుని వచ్చేసరికి ఇరవై నిమిషాలైంది. అద్దాలన్నీ లోపల ఆవిరిపట్టి తెల్లగా ఉన్నాయి. వెనక అద్దానికి మాత్రం ఒక అరచెయ్యి ఆనుకుని ఉంది. మెల్లగా కొడుతోంది.

వెనక తలుపులు రెండూ లోపలి నుంచి తెరుచుకోవు. అద్దాలు దిగవు. ఆమెకి ఊపిరి అందడం లేదు. ఆయన బయటి నుంచి తలుపు లాగి, చేతులతో పట్టుకుని దింపి షాపు మెట్ల మీద కూర్చోబెట్టాడు. ఆస్పత్రికి చేరేసరికి ఆమె వంతు దాటిపోయింది. మర్నాటికి పాదాలు పొంగిపోయాయి.

 భార్య అంది, అక్క పొంగిన పాదాల కింద దిండు సర్దుతూ.

"అచ్చుతప్పుంటే ఓనరుతో కూడా దెబ్బలాడతారు కదా. మా అక్క కోసం అడగడానికి మీకు మాట రాదా?"

ఆయన వెళ్ళి బీరువా తెరిచాడు. సర్టిఫికెట్ బయటికి తీసి, ఎర్రపెన్ను పట్టుకుని, మొదటి అంశం నుంచి ప్రూఫు చదివినట్టు చదివాడు. నూట నలభై మూడో అంశం దగ్గర ఆగాడు. సన్‌రూఫ్: సులువుగా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. పక్కన టిక్కు.

కిందికి వెళ్ళి కారు పైకప్పు చూశాడు. రేకు. చేత్తో తడిమి మరీ చూశాడు. రేకే.

శనివారం, మెకానిక్ ఎలాగో కదిలించిన కారులో షోరూముకి బయల్దేరుతుంటే వదిన చేతికర్ర తీసుకుని వచ్చి కారు పక్కన నిలబడింది. "నేనూ వస్తాను మరిదీ. ఈసారి ముందు సీట్లో కూర్చుంటాలే" అంది.

మేనేజరు నవ్వుతూ ఎదురొచ్చాడు. ప్రూఫ్‌రీడర్ కాగితం ముందుపెట్టి, "నా సన్‌రూఫ్ ఎక్కడుందో చూపిస్తారా?" అన్నాడు. 

"అది ఫార్మాట్ సర్. అన్ని కార్లకీ ఒకటే."

"మరి మిగతా నూట తొంభై తొమ్మిది?"

మేనేజరు కాగితం వెనక్కి తీసుకున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో కొట్టాడు. అయిదు నిమిషాల్లో ప్రింటర్ లోంచి వేడివేడిగా కొత్త సర్టిఫికెట్ వచ్చింది. అందులో సన్‌రూఫ్ లేదు.

"మీ ప్రాబ్లమ్ సాల్వ్ అయిపోయింది సర్."

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో తనకన్నా వేగంగా తప్పు దిద్దినవాణ్ణి ప్రూఫ్‌రీడర్ అప్పుడే చూశాడు.

"తలుపో బాబూ?" అంది వదిన.

"డోర్స్ చెక్ చేసే ఇచ్చాం మేడమ్. కొత్తలో లాగడం అలవాటు కాదు, అంతే."

"పెద్దదాన్ని, తెలీదు. ఒకసారి కూర్చుని ఎలా లాగాలో చూపించు."

కారు షోరూము ముందే ఉంది. మేనేజరు కోటు సర్దుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. వదిన తలుపు వేసింది.

లాగాడు. ఇంకోసారి లాగాడు. జరిగి అవతలి తలుపు లాగాడు. అద్దం మీట నొక్కాడు. ముందు సీట్ల సందులోంచి పాకి రావచ్చు గానీ, లోపల కార్లు చూస్తున్న కుటుంబాలు రెండు అప్పటికే గాజుగోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. పాకడానికి హోదా ఒప్పుకోలేదు. ప్రూఫ్‌రీడర్ తలుపు తీయబోతే వదిన చేతికర్ర అడ్డుపెట్టింది.

"ఆగు మరిదీ. చూపిస్తున్నాడుగా."

పరుగెత్తుకొచ్చిన సేల్స్‌వాళ్ళకీ అదే మాట చెప్పింది, ఒకప్పుడు లైను బిజీగా ఉందని చెప్పిన గొంతుతోనే. నాలుగు నిమిషాలు. మేనేజరు అరచెయ్యి అద్దానికి ఆనించి కొట్టడం మొదలుపెట్టగానే ఆమె ముఖం మారిపోయింది. తనే తలుపు తీసింది.

"నేను ఇరవై నిమిషాలు ఉన్నాను బాబూ" అంది.

మేనేజరు గాజుగోడ దగ్గరి కుటుంబాలకేసి చూస్తూ రుమాలుతో మెడ తుడుచుకుని, వెనక షెడ్డులోంచి తనిఖీ నిపుణుణ్ణి పిలిపించాడు. సర్టిఫికెట్ మీద సంతకం ఆయనదే. రిటైర్మెంట్‌కి దగ్గరపడిన మనిషి, గోళ్ళ నిండా గ్రీజు. కార్పెట్ ఎత్తి బురద చూసి తల దించుకున్నాడు.

"రోజుకి ముప్ఫై కార్లండీ. ఒక్కోదానికి పది నిమిషాలు ఇస్తారు. మొదటి టిక్కు నేను పెడితే మిగతావి కంప్యూటరే పెట్టేస్తుంది."

షోరూము ఖర్చు మీదే నాలుగు రోజులు ఆయనే దగ్గరుండి పనిచేశాడు. వైరింగ్ మార్చాడు, తలుపుల తాళాలు మార్చాడు, కార్పెట్ పీకి కొత్తది వేశాడు. అయిదో రోజు సాయంత్రం ప్రూఫ్‌రీడర్, వదిన వెళ్ళి కారు తెచ్చుకున్నారు. ఇండికేటర్ వేస్తే ఇండికేటరే వెలిగింది. ఆమె వెనక సీట్లో కూర్చుని తలుపు లోపలి నుంచి మూడుసార్లు తీసి, వేసి చూసింది.

షోరూము మలుపు దాటగానే బస్‌స్టాపులో తనిఖీ నిపుణుడు టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి కనిపించాడు. వదిన ఆపమంది. అద్దం చక్కగా దిగింది.

"రండి, ఇంటి దగ్గర దింపుతాం. మీరు బాగుచేసిన బండేగా."

ఆయన వంగి కారు లోపలికి ఒకసారి చూశాడు. టైర్లకేసి చూశాడు. తర్వాత రోడ్డు చివరికి చూశాడు.

"పర్లేదండీ" అన్నాడు ఎంతో మర్యాదగా, "బస్సు వచ్చేస్తుంది."