సమ్మె డేరా

“మన యూనియన్ చరిత్రలో ఓటమి అన్న మాటే లేదు!” అని అధ్యక్షులు ఘోలప్ భావూ స్వర్ణోత్సవ సభలో గర్జించారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఆ చరిత్రలో అతి పెద్ద ఘట్టానికి డేరా కుట్టిన చేతులివే మరి.

పుణె పక్కన మా మిలిటరీ డిపో. జవాన్ల డేరాలు కుట్టేది మాలాంటి సివిలియన్లం. మేం కుట్టిన డేరా కింద మంచుకొండల్లో జవాను ఒంటిమీద చుక్క పడకుండా నిద్రపోతాడు. దాన్ని కుట్టే మా షెడ్డు మాత్రం వానాకాలం వస్తే జల్లెడ. సఖూబాయి మిషన్ సరిగ్గా పెద్ద చిల్లు కిందే. కరెంటు మిషను, కాళ్ల కింద నీళ్లు.

“భావూ, నిన్న మళ్లీ షాక్ కొట్టింది. కప్పు వేయిస్తావా, నా ఫొటోకి దండ వేయిస్తావా?” అంది సఖూబాయి ఓ యేడు వానల్లో.

“పోరాటమే మార్గం అక్కా! కప్పు వేసేదాకా గేటు ముందు నిరాహార దీక్ష. ముందు నాకో డేరా కుట్టండి. నేను తడిస్తే ఉద్యమం తడిసినట్టే.”

సర్వీసులో అంత శ్రద్ధగా ఏదీ కుట్టలేదు మేం. కానీ అలవాటు పడ్డ చేతులు కదా, ఆఖరి ముడి పడగానే మడిచి, తాడు కట్టి, తనిఖీ బల్ల మీద పడేశాం. తనిఖీదారు నీళ్లు పోసి చూశాడు. చుక్క దిగలేదు. ముద్ర గుద్దాడు.

“నా డేరా ఏదిరా?” అన్నారు భావూ.

“జమ్మూ రైలెక్కింది భావూ.”

“మరి దీక్ష?”

“అది మీ దగ్గరే ఉంది.”

ఇంకోటి కుట్టాం. గుర్తుండాలని ఎర్రజెండా కూడా కుట్టాం. తనిఖీదారు జెండా విప్పి మా చేతికిచ్చి, డేరా పాసు చేశాడు. తర్వాతిదీ అంతే. ఉద్యమం ఊపందుకుంది. పక్క షెడ్డువాళ్లూ సంఘీభావంగా కుట్టారు. ఆ యేడు డిపో ఉత్పత్తి లక్ష్యాన్ని దాటేసింది.

కల్నల్ సాహెబ్ భావూని పిలిచి షీల్డు ఇచ్చారు. “ఏం కావాలో కోరుకో.”

“కప్పు సాహెబ్. షెడ్డు కారుతోంది.”

“కారే షెడ్డులో ఇంత పని ఎలా అయింది?”

భావూ లోతుగా ఆలోచించారు. “నిజమే సాహెబ్. కారట్లేదు.”

చర్చలు ఫలించాయి.

స్వర్ణోత్సవం ఆ షెడ్డులోనే. వాన దంచుతోంది. వేదిక మీద పెద్దలు తడవకూడదని షెడ్డు లోపలే డేరా వేశాం. ఉపన్యాసం మధ్యలో సఖూబాయి తన మిషన్ ఈడ్చుకొచ్చి, వేదిక ఎక్కించి, కల్నల్ కుర్చీ పక్కన పెట్టి, కుట్టడం మొదలుపెట్టింది.

“అక్కా, దిగు!” అని గొణిగారు భావూ.

“పొడిగా ఉన్న చోటు ఇదొక్కటే భావూ. నువ్వు దిగు.”

కల్నల్ లేచి నిలబడ్డారు. “సభలోనూ పని ఆపని కార్మికురాలు! ఏం కావాలమ్మా?”

“ఈ డేరా ఇక్కడే ఉండనివ్వండి సాహెబ్.”

“మంజూరు!”

షెడ్డు దద్దరిల్లింది. భావూ ఆనందబాష్పాలు తుడుచుకున్నారు.

సోమవారం వెళ్లేసరికి డేరా చెక్కుచెదరలేదు. లోపల బల్ల, ఫ్యాను, ఘోలప్ భావూ. బయట బోర్డు: ‘యూనియన్ కార్యాలయం’. సఖూబాయి మిషన్ మళ్లీ చిల్లు కింద ఉంది.

“ఏంటిది భావూ?” అంది ఆవిడ గొడుగు కిందనుంచి.

“కంగారుపడకక్కా,” అన్నారు భావూ. “నీ కప్పు కోసమే. రేపట్నుంచి ఇందులోనే దీక్ష.”