ఉప్పునీళ్ల మర్యాద

ఆ మంగళవారం పొద్దున్న మెర్సీ టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు జిల్లా ఆఫీసు నుంచి ఆఫీసరు వస్తాడు. బడి నూతిలో నీళ్లు ఒక్క గుటక తాగుతాడు. మొహం వికారంగా పెడతాడు. ఆ వికారాన్నే రిపోర్టులో రాసుకుని వెళ్లిపోతాడు.

నరసాపురం దిగువన, సముద్రానికి మూడు మైళ్ల ఇవతల ఉన్న మొగలిదిబ్బలో ఐదేళ్ల కిందటిదాకా ఆ నూతినీళ్లు తియ్యగా ఉండేవి. తర్వాత పంచాయతీ ప్రెసిడెంటు పల్లంరాజు గారు వరిచేలు తవ్వించి రొయ్యల చెరువులు చేశారు. కాలవగట్టు మీద ఉప్పునీటికి అడ్డునిలిచే మడచెట్లు నరికించారు. సముద్రానికి పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీటిని ఇంజన్లతో చెరువుల్లోకి తోడించారు. ఆ ఉప్పు నేలలోకి దిగి, ఎవరినీ అడక్కుండా నూతిదాకా వచ్చేసింది. ఇప్పుడాయన బడిగోడ పక్కనే ఇంకో ఆరెకరాలు తవ్వుతానంటున్నారు. అదే జరిగితే నుయ్యి పూర్తిగా పోయినట్టే. బడిలో ఉన్న నూటపది మంది పిల్లలకీ ఆ నుయ్యే దిక్కు.

"మనమేం చేస్తామమ్మా, లోకమంతా వేడెక్కిపోతోందట, సముద్రం పైకొస్తోందట, పేపర్లో రాశారు" అన్నారు పల్లంరాజు గారు, టీచరు వెళ్లి అడిగినప్పుడు.

"లోకాన్ని వేడెక్కించిందీ మనుషులేనండి, మడచెట్లు నరికిందీ మనుషులే. ఆ సముద్రం ఎప్పుడొస్తుందో నాకు తెలీదు గానీ, మన ఊరికి మాత్రం మీరు ముందే మోటారు పెట్టి పిలిచేశారు" అంది మెర్సీ.

రెండుసార్లు నూతినీళ్లు సీసాల్లో పరీక్షకు వెళ్లాయి. రెండుసార్లూ సీసాలు ప్రెసిడెంటుగారి మోటారుసైకిలు మీదే వెళ్లాయి కాబట్టి నీళ్లు భేషుగ్గా ఉన్నాయని తేలింది. అందుకని మెర్సీ తన పదిహేడో అర్జీలో, సీసా వద్దు, నాలుకను పంపండి అని రాసింది. పైన ఎవరికి నచ్చిందో ఏమో, శశిభూషణ్ అనే ఆఫీసరును నాలుకతో సహా పంపుతున్నారు.

ముందురోజు సాయంత్రం ఆవిడ ఇంటింటికీ తిరిగి చెప్పింది. "ఆయనకి నూతినీళ్లు తప్ప ఇంకేం ఇవ్వకండి. మీకు దణ్ణం పెడతాను."

"అలాగేనండి టీచరుగారూ" అన్నారు అందరూ. గోదావరి జిల్లాల్లో 'అలాగేనండి' అన్న మాటకు అర్థం మర్నాడు గానీ తెలియదు.

పదింటికి జీపు మెర్సీ ఇంటిముందు ఆగింది. మెర్సీ నూతిలోంచి స్వయంగా తోడి తెచ్చిన చెంబు గడప దగ్గర సిద్ధంగా ఉంది. శశిభూషణ్ గారు కుర్చీలో కూర్చుని, గ్లాసు అందుకుని, పరీక్షకు కూర్చున్న విద్యార్థిలా కళ్లు మూసుకుని తాగారు.

"అబ్బ! ఎంత బాగున్నాయండీ నీళ్లు!"

మెర్సీ చెంబు వైపు చూసింది. పక్కన నిలబడ్డ భర్త వైపు చూసింది. పోస్టాఫీసు గుమస్తా జయపాల్ గడప వైపు చూశాడు, దూలం వైపు చూశాడు, భార్య వైపు తప్ప అన్ని వైపులా చూశాడు. ఆవిడ బొట్టుబిళ్లలాంటి చిన్న అనుమానంతో అతన్ని వంటింట్లోకి లాక్కుపోయింది.

"చెంబులో నీళ్లు మార్చారా?"

"మరి ఇంటికొచ్చిన మనిషికి ఉప్పునీళ్లు ఎలా ఇస్తాం మెర్సీ? మా అమ్మ బతికుంటే నన్ను చీపురుతో కొట్టేది. పొద్దున్నే గంగయ్య దగ్గర ఓ డబ్బా తీసుకున్నాను."

గంగయ్య రోజూ పైఊరి నుంచి రిక్షా మీద మంచినీళ్ల డబ్బాలు తెచ్చి కొనగలిగిన ఇళ్లకు పోస్తాడు. మెర్సీ పరుగున బయటికొచ్చింది. "సార్, ఇవి నూతినీళ్లు కావండీ. కొన్న నీళ్లు!"

"ఛ, ఛ, అలా అనకు. పెట్టింది చెప్పుకోవడం మర్యాద కాదు" అన్నాడు జయపాల్ నొచ్చుకుంటూ.

ఆఫీసరు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "ఇంకో ఇంట్లో చూద్దాం పదండి."

పక్కిల్లు వీరమ్మది. టీచరు బతిమాలితే ముందుగా తల ఊపింది ఆవిడే. ఆవిడ గ్లాసు కడిగి, తుడిచి, కొంగుతో మళ్లీ తుడిచి నీళ్లిచ్చింది. మంచినీళ్లే. పైగా ఒక కొబ్బరిబొండం. మూడో ఇంట్లో మంచినీళ్లూ మజ్జిగా. నాలుగో ఇంట్లో నిమ్మకాయ నీళ్లు. ప్రతి ఇంట్లోనూ ఆయన, "ఇవి నూతినీళ్లేనా?" అని అడగడం, ఇంటివాళ్లు సిగ్గుపడుతూ నవ్వడం. మీకోసం కొన్నామని చెప్పడానికి ఒక్కరికీ నోరు రాలేదు. ఎనిమిదో ఇంటి దగ్గర ఆయన పుస్తకం తీసి, 'ఉప్పుదనం లేదు' అని రాయడం మెర్సీ కళ్లారా చూసింది. ఆవిడకు ఊరిమీద ఎంత కోపం వచ్చిందంటే ఏడుపు కూడా రాలేదు.

"నూతి దగ్గరికి రండి సార్. నేను తోడతాను, మీరు తాగండి."

"తాగేదానికి చోటేదమ్మా?" శశిభూషణ్ గారు పొట్టమీద చెయ్యి వేసుకున్నారు. "ఇంకొక్క చుక్క దిగితే జీపు ఎక్కలేను."

సరిగ్గా అప్పుడే పల్లంరాజు గారి కారు వచ్చి ఆగింది. "సార్‌గారూ, భోజనం వేళైంది. మా ఇంట్లో ఆకు వేసేశారు. రాకపోతే మా ఆవిడ ఊరుకోదండి." కాసేపు కూర్చుని ఆయాసం తీర్చుకోవచ్చని ఆఫీసరు ఎక్కేశారు.

మెర్సీ అక్కడే నిలబడిపోలేదు. నూతిలో బొక్కెన దించి, నిండా తోడి, ఆ బొక్కెనతోనే నడిరోడ్డు మీద నడిచింది. వెనకాల జయపాల్, "మెర్సీ, పిలవని పేరంటానికి వెళ్తామా?" అంటూ పరిగెత్తాడు.

రాజుగారి హాల్లో అరటాకు ముందు ఆఫీసరు కూర్చునేసరికి ఆవిడ గుమ్మంలో బొక్కెన దించింది.

"సార్ తాగలేకపోతే పోనీ. రాజుగారూ, నూతినీళ్లు బాగున్నాయని ప్రతి మీటింగులోనూ అంటున్నారుగా, మీరు తాగి చూపించండి. పిల్లలు రోజూ తాగేవే ఇవి."

పల్లంరాజు గారు పెద్దగా నవ్వారు. "బొక్కెనలో నీళ్లెందుకమ్మా, ఏం కలిపి తెచ్చావో ఏమో. మా ఇంట్లోవీ ఆ నూతినీళ్లే. ఇదిగో, సార్‌గారు చూస్తుండగా తాగుతున్నాను." ఆకు పక్కనున్న ఇత్తడి గ్లాసు ఎత్తారు. వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య శ్యామలాంబ చేతులు రెండూ ఊపింది, కళ్లు పెద్దవి చేసింది, చివరికి దగ్గింది కూడా. ఆయన చూడలేదు. గ్లాసు ఒక్క దమ్మున ఎత్తేశారు.

మరుక్షణం ఆ నీళ్లు అరటాకు మీదా, గారెల మీదా, కొంత ఆఫీసరుగారి చొక్కా మీదా పడ్డాయి.

"థూ! ఎవరక్కడ! ఈ దిక్కుమాలిన నూతినీళ్లు ఎవరు పోశారు? ఇవి మనుషులు తాగే నీళ్లేనా?"

శ్యామలాంబ మెల్లగా అంది, "ఇవాళ గంగయ్య మనింటిదాకా రాలేదండి. సారుగారు వస్తున్నారని ఊళ్లోవాళ్లు దారిలోనే డబ్బాలన్నీ తీసేసుకున్నారట. మీరేమో నిన్నటినుంచీ నూతినీళ్లు అమృతం అంటుంటే, పోన్లే అని అవే తెప్పించాను. పప్పు నోట్లో పెట్టుకోకండి. కాఫీకని పెట్టిన పాలూ విరిగిపోయాయి."

"అమ్మా, ఆ బొక్కెన ఇలా తీసుకురండి" అన్నారు శశిభూషణ్ గారు. వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు. మెర్సీ పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్న మొహం అప్పుడు పెట్టారు. పుస్తకంలో కాగితం చింపేసి కొత్త కాగితం మీద రాశారు.

పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. బడిపక్కన ఆరెకరాల చెరువుకు అనుమతి లేదు. నీటిని రుచి చూసి ధ్రువీకరించినవారు అన్న చోట పల్లంరాజు గారి పేరు ఉంది.

నుయ్యి మాత్రం ఇంకా ఉప్పగానే ఉంది. అందుకని మెర్సీ ఆ సాయంత్రమే పద్దెనిమిదో అర్జీకి కూర్చుంది. ఉన్న చెరువులు పూడ్పించాలి, నరికిన చోట మడచెట్లు మళ్లీ నాటించాలి. రాసి, కింద సాక్షి సంతకానికి చోటు వదిలి, జయపాల్ చేత రాజుగారింటికి పంపించింది.

మర్యాదకి, ఒక గ్లాసుడు నూతినీళ్లు కూడా ఇచ్చి పంపింది.