పుస్తకాలు పొదిగిన కోడి

ఒక పెద్ద అడవిలో ఆ ఏడు వెదురు పూసింది. వెదురు పూయడమంటే మాటలు కాదు, తరానికోసారి వచ్చే పండగ. పొదపొదకీ కంకులు వంగి, వెదురుబియ్యం జల్లుజల్లుగా రాలింది. అందరూ తిన్నంత తిన్నారు. మిగిలింది రాజుగారి గుహలో పోశారు. ఎందుకంటే పూసిన వెదురు ఎండిపోతుంది, ఆ తరవాత వచ్చే ఎండాకాలం ఎలా ఉంటుందో పెద్దవాళ్లందరికీ తెలుసు.

మంగతాయారు అనే అడవికోడికి మరీ తెలుసు. నిరుడు ఎండల్లో గింజ దొరక్క ఆవిడ పిల్లలన్నీ కళ్లెదుటే పోయాయి. ఈసారి మళ్లీ గుడ్లు పెట్టింది. పెట్టిన పూటే తూర్పుకి తిరిగి, "గోవిందా, గుహలో బియ్యం ఉంది, నా పొట్ట కింద గుడ్లున్నాయి. ఈ రెండింటినీ కలిపే భారం నీది" అని దణ్ణం పెట్టుకుంది.

దేవుడు విన్నాడు. కానీ ఆయనకన్నా ముందు కోతి వచ్చింది.

ఆ కోతి పేరు కోటేశ్వర్రావు. పట్నంలో కోతులాడించేవాడి దగ్గర కొన్నాళ్లుండి, తాడు తెంపుకుని వచ్చినవాడు. తాడుముక్క ఇంకా మెడలోనే వేలాడుతోంది. దాన్ని టై అని చెప్పుకునేవాడు.

"మహారాజా, మీ బియ్యం గుహలో ఊరికే మురుగుతోంది," అన్నాడు.

"లేదే, పొద్దున్నే వాసన చూశాను, బాగానే ఉంది," అన్నాడు సింహరాజు.

"అది కాదండీ. పట్నంలో సొమ్ముని ఊరికే ఉంచరు. దాని చేత పిల్లల్ని పెట్టిస్తారు. ఎలాగన్నది పుస్తకాల్లో ఉంటుంది. పొదుపు మీద, మదుపు మీద, వ్యాపారం మీద, ఒకటా రెండా! బియ్యం ఇప్పించండి, బండెడు తెచ్చిపెడతాను."

"పిల్లలా?" రాజుగారు లేచి కూర్చున్నారు. "లేతగా ఉంటాయా?"

"రెండింతలుగా ఉంటాయండీ."

అంతే. దాచుకోవడం ఎలాగో చెప్పే పుస్తకాల కోసం దాచుకున్నదంతా ఇచ్చెయ్యాలని అక్కడికక్కడే తీర్మానమైపోయింది.

అయితే ఏ పుస్తకాలు మంచివో తేల్చడానికి ఒక సంఘం ఉండాలి కదా. "పొదుపు తెలిసినవాళ్లని పిలిపించు. పుస్తకాలు బాగా జీర్ణించుకున్న పండితుడొకడు కూడా ఉండాలి," అని రాజుగారు కాకికి చెప్పారు. కాకి గొంతు సంగతి తెలిసిందే. కొమ్మకొమ్మకీ వాలి చాటింపు వేసింది: "పొదుగు తెలిసినవాళ్లు రావాలహో!"

తొర్రలో గింజలు సర్దుకుంటున్న ఉడుతలు విని, మనకి కాదులే అని మళ్లీ పనిలో పడ్డాయి. చీమలు తలెత్తనే లేదు. బుచ్చిగౌరి అనే అడవిగేదె మాత్రం తన పొదుగు కేసి చూసుకుని, "నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందమ్మా" అని బయల్దేరింది. దారిలో మంగతాయారుని కేకేసింది.

"వదినా, నిన్నే పిలుస్తున్నారు. పొదగడం నీకన్నా తెలిసినవాళ్లెవరు?"

"గుడ్లు చల్లబడతాయి వదినా."

"గుహలో బియ్యం సంగతట. వెళ్లకపోతే నీ పిల్లల వాటా ఎవరడుగుతారు?"

ఆ మాటకి మంగతాయారు గుడ్ల మీద ఎండుటాకులు కప్పి, గోవిందనామం చెప్పి, లేచింది.

మూడోవారు వల్మీకశాస్త్రిగారు. చెదపురుగు. తెల్లగా, బొద్దుగా, వెనక శిష్యులు బారులు తీరి ఉండగా వచ్చారు. అడవి మొత్తంలో పుస్తకాలు జీర్ణించుకున్నది ఆయనొక్కరే. ఆయన్ని చూడగానే మంగతాయారు నోట్లో నీళ్లూరాయి. వెంటనే చెంపలేసుకుంది. "పెద్దవారు, పండితులు. ఏమిటీ పాడుబుద్ధి" అని ముక్కు రెక్క కింద దాచుకుంది.

కోటేశ్వర్రావు పట్నం నుంచి అరువు మీద తెచ్చిన బండెడు పుస్తకాలు పరిచాడు. మంచం దిగకుండా మేడ కట్టడం ఎలాగని ఒకటి. అప్పుచేసి ఆస్తిపరుడు కావడం ఎలాగని ఒకటి. తెల్లవారుజామున లేచి చన్నీళ్లు పోసుకుంటే లక్ష్మీదేవి ఎలా వస్తుందో చెప్పేది ఇంకొకటి. చన్నీళ్ల స్నానం అడవిలో అందరూ రోజూ చేసేదే. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

"ఇది తీసుకుందాం," అంది బుచ్చిగౌరి ఒక లావుపాటి పుస్తకాన్ని కొమ్ముతో నెట్టి. "పొట్ట నిండుగా ఉంది. పాలు బాగా చేపుతుంది."

శాస్త్రిగారు దాని మూల కొంచెం కొరికి, కళ్లు మూసుకున్నారు. "సారం ఉంది. అట్టకి మైదాపిండి జిగురు దిట్టంగా పట్టించారు. తీసుకోవచ్చు." ఇంకోటి రుచి చూసి మొహం చిట్లించారు. "ఇది నున్నటి కాయితం. రంగుబొమ్మలు. అజీర్తి."

"చదివి చూడొద్దా అండీ?" అంది మంగతాయారు మెల్లిగా.

కోటేశ్వర్రావు టై సర్దుకుని, తనకి చదువు వచ్చని తెలియడానికి ఒక వాక్యం గట్టిగా చదివాడు: "అసలు తీసి పక్కన పెట్టాకే లాభం లెక్క." ఆహా అన్నారంతా. చదవడం ఆ ఒక్క వాక్యంతో ఆగిపోయింది.

"మరి పిల్లలెప్పుడు పెడతాయి?" అన్నారు రాజుగారు.

అందరూ మెల్లిగా మంగతాయారు వైపు తిరిగారు.

"పొదగాలి కదా మరి," అన్నాడు కోటేశ్వర్రావు. "పొదుగు తెలిసినావిడ ఉండగా మనకేం భయం?"

"మహాప్రభో, నాకు ఇంటి దగ్గర గుడ్లున్నాయి!"

"అవి నీ సొంతం. ఇవి అడవివి," అన్నారు రాజుగారు. "పొదుగు. తరవాత నీ పిల్లలకి బియ్యమే బియ్యం."

పుస్తకాల బదులు గుహలో బియ్యమంతా బండికెక్కి పట్నానికి పోయింది. పడిపోయిన మద్దిమాను తొర్రలో పుస్తకాలు పేర్చారు. ఆ చోటు శాస్త్రిగారే చూపించారు. "మా ఇల్లు పక్కనే. కనిపెట్టుకుని ఉంటాం," అన్నారు. మంగతాయారు ఆ సాయంత్రమే ఒక్కొక్క గుడ్డునీ దొర్లించుకుంటూ తెచ్చి పుస్తకాల మీద పెట్టుకుని, రెంటినీ కలిపి పొదగడానికి కూర్చుంది. ఎవరినీ మోసం చెయ్యలేదు. పుస్తకాలకి తగలాల్సిన వేడి వాటికి తగులుతూనే ఉంది.

కూర్చున్న మర్నాటి నుంచీ కింద కరకరమని చప్పుడు.

"శాస్త్రిగారూ, ఏమిటండీ అది?"

"అధ్యయనం అమ్మా. శిష్యులు గ్రంథాల లోపలికి వెళ్తున్నారు."

"ఎంత లోపలికండీ?"

"అవతలివైపుకి వచ్చేదాకా."

మంగతాయారుకి కళ్లు చెమర్చాయి. చదువంటే అలా ఉండాలి. ఒక్కోసారి శాస్త్రిగారు అట్ట మీదికి వచ్చి మీసాలు దువ్వుకునేవారు, సరిగ్గా ఆవిడ ముక్కు కింద. ఆవిడ గోవిందా గోవిందా అనుకుంటూ ఆకాశంలోకి చూసేది. అప్పటికే గింజ కరువైంది. అయినా ఆయన్ని ముట్టలేదు.

ఒకరోజు పొద్దున్నే గుడ్లు పగిలాయి. కియ్‌కియ్‌మని పిల్లలు రెక్కల కింద నుంచి తలలు బయటపెట్టాయి. మంగతాయారు దణ్ణం పెట్టుకునేలోగా పై కొమ్మ మీద నుంచి కోటేశ్వర్రావు అరిచాడు.

"లాభం! లాభం వచ్చింది! పుస్తకాలు పిల్లల్ని పెట్టాయి!"

అడవంతా వచ్చేసింది. రాజుగారు పిల్లల్ని వంగి వాసన చూశారు. "నిజంగా లేతగానే ఉన్నాయయ్యా," అన్నారు మురిసిపోతూ. "రాజభాగం ముందు నా పళ్లెంలోకి పంపండి."

"నా కమీషన్ మర్చిపోవద్దండీ," అన్నాడు కోటేశ్వర్రావు.

మంగతాయారు పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. "ఇవి నా పిల్లలండీ!"

"నువ్వు కూర్చున్నది దేని మీద?" అన్నారు రాజుగారు.

"పుస్తకాల మీదండీ."

"పుస్తకాలెవరివి?"

"...అడవివండీ."

"తేలిపోయింది కదా."

"మా దూడ పుట్టినప్పుడు కూడా నేను గడ్డి మీదే నిలబడ్డాను మహారాజా," అంది బుచ్చిగౌరి. "ఆ లెక్కన దూడ గడ్డిదా?"

"గడ్డి అడవిది. దూడ సంగతి తరవాత చూస్తాను," అన్నారు రాజుగారు. బుచ్చిగౌరి దూడని వెనక్కి నెట్టుకుంది.

పిల్లలు ఇంకో ఘడియ బతికితే చాలనుకుంది మంగతాయారు. నోటికి ఏది తోస్తే అది అనేసింది. "మహాప్రభో, కోటేశ్వర్రావుగారు ఆ రోజు చదివారు కదండీ, అసలు తీసి పక్కన పెట్టాకే లాభం లెక్కని. ముందు అసలు తీయించండి."

శాస్త్రం శాస్త్రమే. రాజుగారు తలూపారు. ఆవిడ పిల్లలతో లేచి పక్కకి జరిగింది. బుచ్చిగౌరి కొమ్ముతో పై అట్ట ఎత్తింది. కింద పుస్తకం లేదు. దాని కిందా లేదు. ఉన్నదంతా ఎర్రటి, గట్టి, చిల్లులు చిల్లుల పుట్ట.

"అసలేదీ?" అన్నారు రాజుగారు.

"అసలు లేదండీ," అన్నాడు కోటేశ్వర్రావు.

"అసలు లేదంటే?"

"అసలనేదే అసలు లేదండీ."

"శాస్త్రిగారూ!" రాజుగారు గర్జించారు. "పుస్తకాలేమయ్యాయి?"

శాస్త్రిగారు చిల్లులోంచి తల బయటపెట్టారు. ఇంకా బొద్దుగా ఉన్నారు. "జీర్ణించుకున్నాం మహారాజా. తమరు పిలిపించింది అందుకే కదా?"

అసలే లేకపోతే లాభం ఎక్కణ్ణుంచి వస్తుంది? అడవంతా ఎంత ఆలోచించినా తెగలేదు. కనుక అవి లాభం కాదని తేలింది. లాభం కానప్పుడు ఊరికే కోడిపిల్లలు. రాజభాగం లాభంలోనే గానీ కోడిపిల్లల్లో ఉంటుందని ఏ పుస్తకంలోనూ లేదు, ఉన్నా ఆ పుస్తకం ఇప్పుడు లేదు. రాజుగారు పళ్లెం వెనక్కి పంపించేశారు.

కోటేశ్వర్రావు మెల్లిగా జారుకోబోయాడు గానీ టై రాజుగారి పంజాకి చిక్కింది. బియ్యం పట్నంలో అప్పటికే ఎవరో తినేశారు. అతన్ని ఆ తాడుతోనే పుట్ట పక్కన పాతిన గుంజకి కట్టేశారు, కాపలాకి.

కానీ రాజన్నాక ఒట్టి చేతులతో వెళ్లకూడదు. సింహరాజు పుట్ట చుట్టూ ఒకసారి తిరిగి, గంభీరంగా ప్రకటించారు. "మనకి నష్టమేమీ రాలేదు. ఇన్నాళ్లూ గుహలో ఉన్నది చరాస్తి. ఇప్పుడు స్థిరాస్తి అయింది. పైగా పెరుగుతోంది."

నిజమే, రోజురోజుకీ పెరుగుతోంది. పుట్ట కనపడితే ఊరుకుంటారా ఎవరైనా? పసుపు రాశారు, ప్రదక్షిణలు మొదలయ్యాయి. పాలు పోయడానికి బుచ్చిగౌరి ఉండనే ఉంది. సంఘంలో తన పొదుగు దేనికి పనికొస్తుందో ఆవిడకి అప్పటికి అర్థమైంది.

గుహ మాత్రం ఖాళీ. మంగతాయారు పిల్లల్ని వెంటేసుకుని, ఆకులు తిరగేసి పురుగో పుట్రో వెతుకుతూ, పొద్దూ మాపూ పుట్ట చుట్టూ తిరిగి దణ్ణం పెట్టేది. చిన్నపిల్ల ఒకటి సరిగ్గా నిలబడలేకపోతోంది. నిరుడు కూడా మొదలు అలాగే అయింది.

అప్పుడు తొలకరి పడింది.

సాయంత్రం వాన వెలవగానే పుట్ట చిల్లులన్నీ కదిలాయి. చదువు పూర్తిచేసిన శిష్యులకి రెక్కలొచ్చాయి. ఉసిళ్లు! పొగలాగా లేచి, గాలిలో తిరిగి, రెక్కలు రాల్చుకుని జలజలా నేల మీద పడ్డాయి. ఒక్కొక్కటీ జిగురుతో, సారంతో, నిగనిగలాడుతూ.

మంగతాయారు ఒక్క క్షణం ఆగింది. "పెద్దవారి శిష్యులు..." అంది.

"అమ్మా, ఆకలి," అంది చిన్నపిల్ల.

ఆవిడ తూర్పుకి తిరిగి చెంపలేసుకుని, ముక్కు దించింది.

ఆ రాత్రి పిల్లలన్నీ పొట్టలు గుండ్రంగా చేసుకుని రెక్కల కింద పడుకున్నాయి. చిన్నది ఒక తేన్పు తేన్చింది, అందులో మైదాజిగురు వాసన వచ్చింది. మర్నాటి నుంచి శాస్త్రిగారు ఎవరికీ కనపడలేదు. ఆయన గురించి అడిగితే మంగతాయారు ఆకాశంలోకి చూసి, "మహానుభావులు, ఎవరికి చేరవలసింది వాళ్లకి చేర్చి వెళ్లారు" అని ముక్కు తుడుచుకునేది.

కనుక నాయనలారా, సంపద పెంచే పుస్తకాన్ని చదివినవాడు ఈ కథలో ఎవడూ బాగుపడలేదు గానీ, దాన్ని తిన్నవాణ్ణి తిన్నవాళ్లు మాత్రం ఏ లోటూ లేకుండా ఒళ్లు చేశారు.