మోతికి రెండు నిమిషాల మౌనం

"పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, సినిమా షూటింగులో క్రూరంగా చంపబడిన తెల్ల గుర్రం మోతికి ఆదివారం పది గంటలకు సంతాపసభ జరుగును. జంతుప్రేమికులందరూ రాగలరు!" అని మైకులో చెప్పుకుంటూ ఆటో ఒకటి దేవరకొండ వీధుల్లో తిరిగింది. ఆ ఆటోకు దారి ఇవ్వడానికి మోతి రోడ్డు పక్కకు జరిగి నిలబడింది.

దాని కళ్లెం పట్టుకున్న అబ్దుల్ ఖాదర్ కూడా జరిగాడు. పెండ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తోలడం ఆయనకు తాతల నాటి పని. ఊళ్లో సగం మంది పెండ్లికొడుకులు ఆయన గుర్రాల మీదే మండపానికి చేరారు.

జరిగింది ఇదీ. పోయిన ఏడు ఖిల్లా మీద మూడు రోజులు సినిమా తీశారు. తెర మీద గుర్రం బురుజు పైనుంచి పడి ప్రాణం విడుస్తుంది. పడింది గడ్డి కూరిన బొమ్మ. అసలు మోతి ఆ మూడు రోజులూ క్యారెట్లు నములుతూ నీడలో ఉంది. హీరోకు గొడుగు పట్టడానికి ఒక్కరుంటే మోతికి ఇద్దరున్నారు. ఫిరంగులు పేలే ముందు ఎవరో ఒకావిడ వచ్చి, దాని చెవుల్లో మెత్తగా దూది పెట్టి, మిగిలిన దూది చుట్టను ఖాదర్ చేతికిచ్చింది. ఆయన దాన్ని జేబులో దాచుకున్నాడు.

సినిమా చూసి ఊరంతా ఏడ్చింది. గుర్రం నిజంగానే చచ్చిందని మొదట ఎవరన్నారో తేలలేదు కానీ, ఆధారాలకు మాత్రం కొరత రాలేదు. సినిమా మొదట్లో 'ఏ జంతువుకూ హాని జరగలేదు' అని వేశారు. ఏమీ జరగకపోతే ఎందుకు వేస్తారు? తర్వాత సినిమావాళ్లు ఖండించారు. తప్పు చేయనివాళ్లు ఖండిస్తారా? కొన్నాళ్లకు ఖండించడం మానేశారు. చూశారా, నోరు పడిపోయింది! గుర్రం చచ్చిన వీడియో ఎవరి దగ్గరా లేదు, అంటే తీసేయించారన్నమాట.

దాంతో మోతికి పని పోయింది. చచ్చిన గుర్రం మీద ఏ పెండ్లికొడుకు ఎక్కుతాడు? పెండ్లిళ్ల కాలమంతా అది ఇంటి ముందే నిలబడింది. ఖాదర్ దాని దాణా తగ్గించలేదు. తన తిండే ఒక పూట తగ్గించుకున్నాడు.

ఏటా నవంబరులో పింఛనుదార్లు తాము బతికే ఉన్నామని కాగితం ఇస్తారు కదా, అలాంటిదొకటి రాయించుకుందామని పశువుల డాక్టరు దగ్గరికి పోయాడు. డాక్టరు మోతి గుండె చప్పుడు శ్రద్ధగా విని, ఖాదర్‌కు సానుభూతి తెలిపాడు.

"సచ్చిందని రాయనీకైతే కాగితం ఉన్నది భాయ్. బతికున్నదని రాయనీకి లేదు. ఏం జేద్దామంటవ్?"

ఇక మిగిలింది సంతాపసభే. ఖాదర్ మోతిని తోలుకొని నేరుగా అక్కడికే పోయాడు. సభ పెట్టిన జంతుప్రేమికుల సంఘం అధ్యక్షులు కృష్ణకాంత్ గారు షామియానా కింద కన్నీళ్లతో మాట్లాడుతున్నారు: "నోరు లేని జీవి! ఆ మూగ ఘోష మనం వినకపోతే ఇంకెవరు వింటారు?" మోతి సకిలించింది. "దయచేసి సభలో నిశ్శబ్దం పాటించాలి," అన్నారాయన. రెండు నిమిషాల మౌనంలో అందరూ తల వంచారు. మోతి తల ముందే వంచి ఉంది, అధ్యక్షుల పూలదండ తింటూ.

"సార్, ఇదే మోతి. చెవి మీద మచ్చ జూడుండ్రి," అన్నాడు ఖాదర్.

"మీ బాధ నాకెరుకే ఖాదర్ భాయ్. మా నాయిన పోయినంక ఆర్నెల్లు గా కుర్చీల కూసున్నట్టే కనబడిండు."

"గిది కూసోలే సార్, నిలబడ్డది."

కృష్ణకాంత్ ఆయన్ను పక్కకు తీసుకుపోయి గొంతు తగ్గించారు. "సచ్చిందని ముప్పై వాట్సాప్ గ్రూపులల్ల పెట్టిన భాయ్. ఇప్పుడు బతికే ఉన్నదంటే నా మొఖం ఏడ వెట్టుకోవాలె? మీదైతే ఒక్క గుర్రం. మేం రెండు వందల మందిమి."

లెక్క సరిపోయింది. షామియానా కింద చోటు రెండు వందల మందికే ఉంది కాబట్టి మోతి ఎండలో నిలబడింది. పక్కన చాయ్ అమ్ముకునే ఆవిడ, అండాలు, బకెట్టు నీళ్లు తెచ్చి దాని ముందు పెట్టింది. మోతి తాగి, అలవాటు ప్రకారం ఎడమ కాలెత్తి సలాం చేసింది.

"ఖాదరన్నా, నిజం జెప్తె ఎవరన్న ఇన్నరా? దీని తమ్ముడని జెప్పరాదు!"

"అబద్ధం గాదా అమ్మా?"

"గాళ్లు నమ్మేది జెప్తె అబద్ధం ఎట్లయితదన్నా?"

మరునాటి నుంచి మోతి హీరా అయింది. 'అమరజీవి మోతి సొంత తమ్ముడు' అనగానే పిలుపుల మీద పిలుపులు వచ్చాయి. మొదటి పెండ్లి కృష్ణకాంత్ గారి అన్న కొడుకుదే. ముందు డీజే పెట్టెలు, వెనక డప్పులు. వీపు మీద పెండ్లికొడుకు, ఫొటో కోసం అతని వెనక ఇద్దరు బావమరదులు.

కృష్ణకాంత్ గారు గుర్రం మెడ నిమిరారు. కళ్లు తుడుచుకున్నారు. "అచ్చం అన్న పోలికే! పాపం, నిలువునా సంపిన్రు. సినిమావాళ్లకు మనసనేదే లేదు భాయ్."

అంటూనే వెయ్యి పటాకుల దండను దాని కాళ్ల ముందు పరిచి, అగ్గిపెట్టె కోసం జేబు తడుముకున్నారు.

ఖాదర్ కూడా తన జేబు తడుముకున్నాడు. దూది తీసి మోతి చెవుల్లో పెట్టాడు. కొంచెం మిగిలితే తన చెవుల్లో పెట్టుకున్నాడు.