మిద్దెక్కిన పుట్టి

సైమాకు అన్నిటికంటే ఎక్కువ భయం నీళ్ళంటే. తన కోసం కాదు, కూతురు ఇరమ్ కోసం. ఆదోనిలో కాపురం కాబట్టి ఇన్నాళ్ళూ ఆ భయంతో పెద్ద ఇబ్బంది రాలేదు. వాళ్ళ వీధిలో మునిగిపోవాలన్నా ముందు బిందె పట్టుకుని వరుసలో నిలబడాలి.

భయానికి కారణం లేకపోలేదు. ఆమె పుట్టిల్లు తుంగభద్ర గట్టున. హైస్కూలు అవతలి గట్టున. రోజూ పుట్టిలో దాటి వెళ్ళేది. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున ప్లాస్టిక్ పట్ట కట్టి తారు పూసిన గుండ్రటి పడవ అది. దానికి ముందూ లేదు, వెనకా లేదు. ఒకనాడు నడి ఏట్లో గిర్రున తిరిగి ఒరిగింది. పుట్టి నడిపే ఉచ్చీరప్ప సైమాను జడ పట్టుకుని పైకి లాగాడు. పుస్తకాల సంచికి జడ లేదు కాబట్టి అది పోయింది. "పిల్ల దక్కింది, అది చాలు" అని తండ్రి మర్నాటి నుంచి బడి మానిపించాడు. నీళ్ళు తగిలితే చదువు ఆగిపోతుందని అప్పటి నుంచి సైమా నమ్మకం. ఇరమ్ చదువు మాత్రం ఆగకూడదు.

అలాంటిది ఆ ఉదయం ఇరమ్ టీచరు చంద్రకళ నుంచి ఫోనుకు కబురొచ్చింది. బడిలో "మన ఏటి గట్టు, మన పడవలు" అని ఫోటోల ప్రదర్శన. పాత మండపం, రేవు, పుట్టి అల్లే చోటు, వీటన్నిటి ఫోటోలూ కావాలి. వాటితో పాటు పడవలో పిల్ల నిలబడిన ఫోటో ఒకటి తప్పనిసరి.

"దానికేముంది? రేపు బండి మీద మీ ఊరికే తీసుకపోతా" అన్నాడు భర్త పర్వేజ్, చెప్పులు తొడుక్కుంటూ. అతనిది దుప్పట్ల వ్యాపారం. సరుకు కోసం ఎమ్మిగనూరు బయల్దేరుతున్నాడు.

"మీరు పోయి రాండి. నేను చూసుకుంటా" అంది సైమా.

మండపం, రేవు ఫోటోలు పుట్టింట్లో ఉన్న తమ్ముడు తీసి పంపిస్తాడు. ఇక మిగిలింది పడవ. ఏటి దగ్గరికి పిల్లను పంపడం కంటే, పిల్ల దగ్గరికి పడవను రప్పించడం మేలు కదా! భర్త వీధి మలుపు తిరగ్గానే ఫోను చేసింది.

"ఉచ్చీరప్ప మామా, నేను సైమాను. నీ పుట్టి ఒకటి మా ఇంటికి తేవాల."

"ఆదోనికా? ఆడ ఏరు యాడుంది పాపా?"

"లేదు గాబట్టే తెమ్మంటాండా."

ఉచ్చీరప్ప ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాడు. జడ పట్టుకుని లాగిన పిల్లలకు తర్వాత ఏదో ఒక తేడా ఉంటుందని అతనికి ఎప్పటినుంచో అనుమానం. "సరే, వస్తాండా" అన్నాడు.

లోడు ఆటో మీద పుట్టిని బోర్లించి, తాళ్ళతో కట్టి, దారిలో ఎమ్మిగనూరులో టీకి ఆగాడు.

"పుట్టి యాడికప్పా?" అని అడిగాడు టీ కాచేవాడు.

"ఆదోనికి."

"ఆడ దానికేం పని?"

"నాకేం తెల్సు? తొందరగా తెమ్మన్నారు."

అంతే అన్నాడు. కానీ పెద్ద వరద చూసిన ఊరికి అంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదు. అతను గ్లాసు కింద పెట్టేలోపు ఆదోనికి వరదొస్తుందన్న మాట బయల్దేరింది. మాటకు సామాను బరువుండదు కాబట్టి ఆటో కంటే ముందే ఆదోని చేరింది.

పుట్టి సైమా ఇంటి వాకిట్లో పట్టలేదు. నలుగురు కలిసి తాళ్ళేసి మిద్దె మీదికి లాగారు. పక్కింటి మరియమ్మ ఉతికిన చీర పిండడం ఆపి చూసింది.

"ఏంటికమ్మా పుట్టిని మిద్దెక్కిస్తాండావు?"

సైమా నిజమే చెప్పింది. "ఇరమ్ కోసమక్కా. నీళ్ళంటే నాకు భయం గదా."

అప్పటికే వరద మాట చెవిన పడ్డ మరియమ్మకు అది చాలు. చీర బకెట్లోనే వదిలేసి లోపలికి పోయి బియ్యం డబ్బా నెత్తికెత్తుకుని మిద్దె ఎక్కింది. ఆమెను చూసి ఎదురింటివాళ్ళు టీవీ ఎక్కించారు. వాళ్ళను చూసి ఆ పక్కవాళ్ళు అద్దాల బీరువా ఎక్కిస్తూ మెట్ల మలుపులో ఇరుక్కున్నారు.

"కుళాయి నీళ్ళకే దిక్కు లేదు, వరద యాడ్నించి వస్తాదక్కా?" అని ఎవరో అడిగారు.

"అందుకే గదా కుళాయి రానిది! మొత్తం నీళ్ళు డ్యాములో కూడబెట్టి ఒకేసారి వదుల్తారు" అంది మరియమ్మ.

ఈ లెక్కకు ఎదురు చెప్పగలిగినవాడు ఉచ్చీరప్ప ఒక్కడే. అతనేమో అన్నం తిని ఆటోలోనే నిద్రపోయాడు. జనం వచ్చి అతన్ని తొంగి తొంగి చూశారు. "ఏటి మనిషే ఏరు వదిలి ఈడికొచ్చి పండుకున్నాడంటే ఇంక సూసుకో" అన్నాడు పాల శేషన్న. వెంటనే పోయి తన బర్రెను, సైమా మిద్దెకు ఆనుకునే ఉన్న తమ మిద్దె మీదికి మెట్లెక్కించాడు. బర్రె ఏ పేచీ పెట్టకుండా ఎక్కింది. పైన గాలి బాగుంది.

ఇదంతా సైమాకు తెలియదు. ఇరమ్‌కు కొత్త గౌను తొడుగుతూ లోపలే ఉంది. అప్పుడు పర్వేజ్ ఫోను వచ్చింది.

"సైమా, పాపను తీసుకొని మిద్దెక్కు! ఆదోనికి వరద వస్తాదంట. ఈడ అందరూ అదే మాట."

"యా అల్లా! ఎవరు సెప్పినారు?"

"మన ఊర్లో ఎవరో తెలివైన మనిషి ముందే పుట్టి గూడా తెప్పించుకున్నాడంట. మనకు ఆ తెలివి యాడ ఏడ్చింది!"

సైమా నమ్మేసింది. ఎవరో పుట్టి తెప్పించుకున్నారంటే వరద నిజమే అయి ఉండాలి. ఆ తెలివైన మనిషి తానేనని ఆమెకు తట్టలేదు. మన మిద్దె మీద కూడా ఒక పుట్టి ఉండడం దేవుడి దయ అనుకుంది. ఇరమ్‌ను ఎత్తుకుని, అత్త సర్దార్‌బీని చెయ్యి పట్టి లాక్కుంటూ పైకి పరుగెత్తింది. ముగ్గురూ పుట్టిలో కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే ఉరుము ఉరిమి, పెద్ద వాన పట్టుకుంది.

పుట్టిని దించినవాళ్ళు తెలియక మెట్ల గది కప్పు గొట్టం కిందే దించారు. కప్పు మీది నీళ్ళన్నీ పుట్టిలోకే దూకసాగాయి. తారు పూసిన పుట్టి కదా, బయటి నీళ్ళను ఎంత గట్టిగా లోపలికి రానివ్వదో, లోపలి నీళ్ళను అంత గట్టిగా బయటికి పోనివ్వదు.

"ఓసే సైమా, వరద లోపలికే వచ్చిందే!" అని అరిచింది సర్దార్‌బీ.

"కదలొద్దు అత్తమ్మా! బయట ఇంకా ఎక్కువుంటాది!" అంది సైమా, తాను లేచి నిలబడుతూ.

వాన వెలిసేసరికి ఆదోని అంతటా చెమ్మ ఆరడం మొదలైంది. మునిగిన చోటు ఒక్కటే, పుట్టి లోపల. ఉరుముకు నిద్ర లేచిన ఉచ్చీరప్ప మిద్దెక్కి, నడుము మీద చేతులేసుకుని చూశాడు.

"పాపా, మోకాటి లోతు నీళ్ళల్లో నిలబడుండావు. సూసుకున్నావా?"

సైమా కిందికి చూసుకుంది. నిజమే. నీళ్ళు తగిలాయి, ఎవరూ పోలేదు. ఇరమ్ చేతులతో నీళ్ళు చిమ్ముతూ పడీ పడీ నవ్వుతోంది. "దాదీ, ఫోటో తియ్యి!" అంది. పుట్టి దిగిన సర్దార్‌బీ కోడలి ఫోనందుకుని, బొటనవేలు సగం అడ్డం పెట్టి ఒకటి తీసింది.

అంతలో పర్వేజ్ మెడలో లారీ ట్యూబు వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. పుట్టిని చూశాడు, భార్యను చూశాడు. "ఆ తెలివైన మనిషివి నువ్వేనా?" అని ట్యూబు తీసి కింద పడేసి దాని మీదే కూలబడ్డాడు. అతని వెనకే మరియమ్మ. "వరద సంగతి తర్వాత. ముందు నాకు రెండు బిందెలియ్యమ్మా" అంది. ఆ సాయంత్రం వీధి వీధంతా పుట్టిలోంచి నీళ్ళు తోడుకుంది.

సర్దార్‌బీ తీసిన ఫోటోలో బొటనవేలు మిద్దె గోడను పూర్తిగా కప్పేసింది. మిగిలింది నీళ్ళలో నవ్వుతున్న ఇరమ్, పక్కన సైమా, వెనక పుట్టి అంచు, దాని మీదుగా తొంగి చూస్తున్న శేషన్న బర్రె. వేరే దారి లేక దాన్నే బడికి పంపింది సైమా. రెండు రోజులకు టీచరు ఫోను చేసింది.

"ఎంత సహజంగా ఉందమ్మా ఫోటో! ఏరు, పుట్టి, గట్టున బర్రె! మొదటి బహుమతి మీ ఇరమ్‌కే."

"టీచర్, అది ఏరు కాదు. మా మిద్దె" అంది సైమా.

చంద్రకళ చాలాసేపు నవ్వింది. "మిద్దె మీద బర్రె ఉంటుందా అమ్మా? సరే వినండి, బహుమతిగా ఆదివారం పిల్లలందరినీ ఏటికి తీసుకుపోతున్నాం, పుట్టి ఎక్కించడానికి. నీళ్ళంటే భయం లేని తల్లి మీరొక్కరే. మీరే ముందుండాలి."

వద్దని చెప్పడానికి సైమా నోరు తెరిచింది. గుమ్మంలో ఇరమ్ నిలబడి ఉంది, పుస్తకాల సంచి గుండెకు హత్తుకుని. వద్దనే ఆ ఒక్క మాటతోనే ఒకప్పుడు తండ్రి తన బడి మానిపించాడు. సైమా నోరు మూసుకుంది. మళ్ళీ తెరిచి, "వస్తా టీచర్" అంది.

తర్వాత ఉచ్చీరప్పకు ఫోను చేసింది. "మామా, పుట్టిని తీసుకపో. ఆదివారం ఏట్లో కావాల."

"మంచిది. ఇద్దరూ జడలు గట్టిగా ఏసుకొని రాండి" అన్నాడు ఉచ్చీరప్ప.

కాబట్టి సైమా గురించి దిగులు అక్కర్లేదు, ఆమెను ఉచ్చీరప్ప చూసుకుంటాడు. మీలో ఎవరైనా ఆదోని వైపు పోతే మాత్రం శేషన్న బర్రెను ఒకసారి చూసి రండి; ఎక్కడం తెలిసిన ఆ ప్రాణికి దిగడం ఇంకా తెలియలేదు.