బొటనవేలు చంపిన మనిషి

శుక్రవారం పొద్దున్న వగీహ్ వేసుకున్న పథకం చిన్నదే. ఫోన్లో తన ప్రొఫైల్ ఫొటో మార్చాలి, మంగలి దుకాణానికి వెళ్లి గడ్డం గీయించుకోవాలి, జుమా నమాజు చేసి రావాలి, సాయంత్రం కూతురు రిహాబ్ పెళ్లి ఖాయం చేసే ఫాతిహా ప్రార్థన చదివించాలి. వీటన్నింట్లోనూ సులువైనది మొదటిదేనని ఎవరైనా అనుకుంటారు. వగీహ్ కూడా అలాగే అనుకున్నాడు.

ఫొటో మార్చమన్నది భార్య ఇనాయత్. "ఎన్నాళ్లని ఆ పావురాల కూర పళ్లెం పెట్టుకుని కూర్చుంటారు? మగపెళ్లివాళ్లు ముందు చూసేది అదేగా! పిల్ల తండ్రి ఎవరంటే వేయించిన పావురాన్ని చూపించమంటారా?" అంది ద్రాక్షాకుల్లో అన్నం చుడుతూ.

"మారుస్తానులే."

"అది సరే, అసలు పని మాటేంటి? బావగారికి ఫోన్ చేశారా?"

వగీహ్ కిటికీలోంచి సముద్రం కేసి చూడటం మొదలుపెట్టాడు. ఉండేది అలెగ్జాండ్రియాలోనే అయినా వాళ్ల ఫ్లాట్ నుంచి సముద్రం కనిపించదు. ఎదురింటి వాళ్లు ఆరేసిన దుప్పట్లు మాత్రమే కనిపిస్తాయి.

బావగారంటే వగీహ్‌కి ఒక్కగానొక్క అన్న గలాల్. పక్క ఊరు దమన్‌హూర్‌లో భూగోళం మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. రెండేళ్ల కిందట ఆయన జుట్టుకు రంగు వేసుకుని, ఆ ఫొటోను కుటుంబం గ్రూపులో పెట్టాడు. అందరూ హృదయం బొమ్మలు పెట్టారు. వగీహ్ పెట్టిన చోట మాత్రం కళ్లనీళ్లు వచ్చేలా పగలబడి నవ్వే మొహం కనిపించింది. "బొటనవేలు జారింది" అని వగీహ్ అన్నాడు. "నా నెత్తి మీదే జారిందా?" అని గలాల్ అన్నాడు. ఆ సాయంత్రమే గ్రూపులోంచి వెళ్లిపోయాడు. వెళ్లినవాడే రావాలని తమ్ముడు, నవ్వినవాడే పిలవాలని అన్న, ఇద్దరూ పట్టుపట్టి కూర్చున్నారు. మధ్యలో ఒక పండగ, ఇంకో పండగ, ఒక ఆపరేషన్ కూడా గడిచిపోయాయి.

ఇప్పుడు సమస్య ఏమిటంటే, ఫాతిహా చదివేటప్పుడు ఆడపిల్ల తరఫున ఇంటి పెద్ద కూర్చుని పిల్లవాడి తండ్రి చేతిలో చెయ్యి వెయ్యాలి. వియ్యంకుడు కాబోయే బహ్‌గత్ గారు మొదటిసారి వచ్చినప్పుడే "పెదనాన్నగారు ఉంటారుగా?" అని అడిగాడు. "ఎందుకుండరండీ!" అని వగీహ్ ధీమాగా చెప్పేశాడు. ఆదివారం పిల్లవాడు హైసమ్ కువైట్ ఉద్యోగానికి వెళ్లిపోతున్నాడు. ఇవాళ జరగకపోతే మళ్లీ ఏడాది మాట.

"మంగలి దగ్గర్నుంచి చేస్తాలే" అని వగీహ్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. కళ్లద్దాలు లేకుండా మొహం అందంగా ఉంటుందని వాటిని తీసి పక్కన పెట్టి, గడ్డం కొంచెం పైకెత్తి, నొక్కాడు. ఆ నొక్కేటప్పుడు రెండో చేతి బొటనవేలు కెమెరా కంటి మీద నిండుగా పరుచుకుని ఉంది. తెర నల్లగా కనిపించింది. ఛార్జింగ్ అయిపోయిందనుకుని, అయిపోకముందే పని పూర్తి కావాలని ఇంకో రెండుసార్లు నొక్కాడు. కొత్త ఫొటో ఊరందరికీ వెళ్లిపోయింది. ఆ వెంటనే ఛార్జింగ్ కూడా నిజంగానే అయిపోయింది. ఆయన ఫోన్ జేబులో వేసుకుని, పని ముగిసిందన్న తృప్తితో మెట్లు దిగాడు.

అలెగ్జాండ్రియాలో ఒక మనిషి ఫొటో ఉన్నట్టుండి నల్లగా మారిందంటే ఆ ఇంట్లో చావు జరిగిందని అర్థం. ఎవరు, ఎప్పుడు, ఎలా అని అడగటం మర్యాద కాదు. ముందు వెళ్లి పరామర్శించాలి.

ఈ మర్యాదలో పక్క ఫ్లాట్ ఇతిదాల్ పిన్నిని మించినవాళ్లు ఆ వీధిలో లేరు. కాసేపట్లోనే నల్ల గౌను తొడుక్కుని, చావింట తాగే చక్కెర లేని కాఫీ పెద్ద గిన్నెతో తలుపు తోసుకుని వచ్చి, ఇనాయత్‌ను గట్టిగా కావలించుకుంది.

"ధైర్యంగా ఉండు తల్లీ. మన చేతుల్లో ఏముంది?"

"ఏమైంది పిన్నీ?"

"నా దగ్గర కూడా దాస్తావా? మీ ఆయన ఫొటో నల్లగా పెట్టాడుగా!"

ఇనాయత్ చేతిలోని ద్రాక్షాకు జారిపోయింది. భర్తకు ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది. ఆయన తరఫున మిగిలింది ఒక్క అన్నగారే. ఆయన పోయిన కబురు తెలిసి, పెళ్లి పనుల్లో ఉన్న తనతో చెప్పలేక ఈ మనిషి బయటికి వెళ్లిపోయాడన్నమాట! వెంటనే గలాల్‌కి చేసింది. ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు.

"బావగారు ఎత్తట్లేదు పిన్నీ."

"ఎలా ఎత్తుతాడమ్మా?" అంది ఇతిదాల్ కళ్లు తుడుచుకుంటూ.

ఇక ఆవిడ సోఫాలో కూర్చుని వీధి గ్రూపులో కబురు పెట్టింది. వగీహ్ గారి అన్న గలాల్ మాస్టారు దేవుడి సన్నిధికి చేరారని, సాయంత్రం పరామర్శ ఇక్కడే అని. అడగకముందే కింద బట్టల కొట్టు వాళ్లు షామియానా కర్రలు దించారు. ఎవరో బంగారు రంగు కుర్చీలు పంపారు. ఇంకెవరో ఖురాన్ పారాయణానికి ఒక షేక్‌ను కుదిర్చి, ఆయన గొంతు బాగుంటుందని కూడా రాశారు. గలాల్ మాస్టారిని ఒక్కసారి కూడా చూడనివాళ్లు ఆయన మంచితనం గురించి పేరాలు పేరాలు రాశారు. బతికుండగా అందులో సగం విన్నా ఆయన గ్రూపు వదిలేవాడు కాడు.

బ్యూటీ పార్లర్‌లో సగం జుట్టు ఉంగరాలు తిప్పించుకుని, సగం అలాగే వదిలేసి రిహాబ్ ఏడుస్తూ ఇంటికి వచ్చింది. ఆమె వెనకాలే కాబోయే అత్తగారి ఫోన్ వచ్చింది. "మీ దుఃఖం మా దుఃఖమే అమ్మా. ఇలాంటప్పుడు ఫాతిహా మాట ఎత్తకూడదు. హైసమ్ వచ్చే ఏడు సెలవుకి వస్తాడుగా, అప్పుడు చూద్దాం. ఇప్పుడు మేమంతా పరామర్శకి బయల్దేరుతున్నాం" అంది.

"పెదనాన్న నాకు ప్రపంచ పటం గీయడం నేర్పించాడమ్మా" అని రిహాబ్ తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. "నాన్న ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయేది?"

అక్కడ మంగలి సబ్రీ దుకాణంలో శుక్రవారం రద్దీ తగ్గి వగీహ్ వంతు వచ్చేసరికి చాలా పొద్దెక్కింది. ఒక చెంప గీయడం అయింది. రెండో చెంపకు నురగ పట్టించి, సబ్రీ ఒకసారి తన ఫోన్ చూసుకుని నిట్టూర్చాడు.

"మీ గుండె గట్టిది వగీహ్ గారూ. అన్న పోయిన రోజున ఇలా వచ్చి గడ్డం గీయించుకోవడం నావల్ల అయ్యేది కాదు."

"ఏ అన్న?"

"మీకెంతమంది అన్నలున్నారేంటి? గలాల్ మాస్టారు. వీధంతా అదే మాటగా!"

వగీహ్ కుర్చీలోంచి లేచాడు. మెడలో తువ్వాలు, చెంప మీద నురగ అలాగే ఉన్నాయి. ఎన్నిసార్లు 'అన్నయ్యా, తప్పయింది' అని టైపు చేసి చెరిపేశాడో ఆయనకే తెలుసు. ప్రతిసారీ రేపు పంపుదాం అనుకున్నాడు. ఇవాళ కూడా మంగలి దగ్గర్నుంచి చేద్దాం అనుకుని, ఛార్జింగ్ లేదు కదా అని లోపల్లోపల సంతోషించాడు. అది గుర్తుకు రాగానే ఆయనకు ఏడుపు ఆగలేదు. నమాజుకు వెళ్తున్న జనం మధ్యలోంచి, చిన్నపిల్లవాడిలా పైకే ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాడు.

ఇప్పుడు దమన్‌హూర్ సంగతి చెప్పాలి. గలాల్ మాస్టారు తమ్ముడితో మాట్లాడటం మానేశాడు గానీ, రోజూ పొద్దున్నే టీ తాగుతూ ఆ పావురాల పళ్లాన్ని ఒకసారి చూసుకోవడం మానలేదు. అది అక్కడుంటే వాడు బాగున్నట్టే. ఇవాళ చూస్తే పళ్లెం లేదు, నలుపు ఉంది. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. మనిషి పోతే పిల్లలే అతని ఫొటోను నల్లగా మారుస్తారని ఆయనకు తెలుసు. టీ గ్లాసు అక్కడే వదిలేసి, దొరికిన మైక్రోబస్ ఎక్కేశాడు. దారిలో ఇనాయత్ పేరు మోగింది. మరదలి నోట ఆ మాట వినే ధైర్యం లేక ఫోన్‌ను ఒళ్లో బోర్లా పెట్టుకున్నాడు.

వీధి మలుపులో దిగేసరికి తమ్ముడి ఇంటి ముందు షామియానా, బంగారు రంగు కుర్చీలు. ఇక అనుమానం లేదు. మొదటి కుర్చీలో కూలబడ్డాడు. కుర్చీలు సర్దుతున్న మనిషి ఆయనకు మంచినీళ్లు ఇచ్చాడు.

"పోయినాయన మీకు బాగా కావలసినవాడా?"

"నా ప్రాణం" అన్నాడు గలాల్. "రెండేళ్లయింది మాట్లాడి. ఒక వెధవ నవ్వు కోసం."

అప్పుడే వీధి అటు చివర నుంచి సగం తెల్లటి మొహంతో, మెడలో తెల్ల గుడ్డతో ఒక ఆకారం పెద్దగా రోదిస్తూ తన మీదికి పరుగెత్తుకు రావడం గలాల్ చూశాడు. తమ్ముడి దెయ్యమనుకుని బిస్మిల్లా అంటూ కుర్చీ అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఆకారం కూడా ఆయన్ని చూసి నిలువునా ఆగిపోయింది.

"నువ్వు పోలేదా?" అన్నాడు గలాల్.

"నువ్వు పోలేదా?" అన్నాడు వగీహ్.

"నేనెందుకు పోతాను? నువ్వే పోయావుగా!"

"నేను గడ్డం గీయించుకుంటున్నానన్నయ్యా!"

అన్నదమ్ములు ఒకరినొకరు ఎంత గట్టిగా పట్టుకున్నారంటే నురగంతా గలాల్ కోటుకు అంటింది. మెట్లు దిగి వచ్చిన ఇతిదాల్ పిన్ని ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"ఎవరూ చావలేదా? మరి నేనంత కాఫీ ఎవరి కోసం కాచినట్టు?" అంది, కొంచెం నొచ్చుకుంటూనే.

పైకి వెళ్లి ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టాక అసలు విషయం బయటపడింది. గలాల్ కళ్లద్దాలు పెట్టుకుని ఆ నల్ల ఫొటోను దగ్గరగా, దూరంగా, పక్కకు తిప్పి పరిశీలించాడు. ఒక మూల నలుపులో కొంచెం ఎర్రగా, వేలి గీతలు కనిపించాయి.

"ఇది నీ బొటనవేలేరా!"

"అవునన్నయ్యా."

"అంటే అప్పుడు కూడా నిజంగా ఇదే జారిందన్నమాట. పాపం, నేనే నమ్మలేదు!" అని గలాల్ తమ్ముడి వేలు పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. ఆ రోజు జుట్టు ఫొటో చూసి వగీహ్ మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడన్న సంగతి ఇనాయత్‌కు బాగా జ్ఞాపకం. ఆమె ద్రాక్షాకులు ఉడికాయో లేదో చూడటానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అంతలో బహ్‌గత్ గారి కుటుంబమంతా తల నుంచి కాళ్ల దాకా నల్లబట్టల్లో, తలలు వంచుకుని లోపలికి వచ్చారు. గలాల్ ఎదురెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"రండి బహ్‌గత్ గారూ. చచ్చినవాణ్ని నేనే. కూర్చోండి, ఎలాగూ వచ్చారు కనక ఫాతిహా చదివేద్దాం."

బహ్‌గత్ గారికి విషయం అర్థం కావడానికి రెండు కాఫీలు పట్టాయి. అర్థమయ్యాక, "పోయినవాడు లేచి వచ్చి మరీ అడిగితే కాదనడం ఎలాగండీ?" అని చెయ్యి చాపాడు. గలాల్ చెయ్యి దాని మీద పడింది. గదంతా నిశ్శబ్దంగా ఫాతిహా చదివింది. వెంటనే ఇతిదాల్ పిన్ని నాలుక ఆడిస్తూ వేసిన శుభకార్యపు కేకకు కింద షామియానా వాళ్లు కూడా ఉలిక్కిపడ్డారు. పారాయణానికి వచ్చిన షేక్ తన కంఠం వృథా పోకూడదని పెళ్లి పాట ఒకటి అందుకున్నాడు. సగం ఉంగరాల జుట్టుతో రిహాబ్, నల్ల కోటులో హైసమ్, చుట్టూ నల్లబట్టల్లో రెండు కుటుంబాలు నిలబడి ఫొటో దిగారు. అది పోస్టు చేసిన మరుక్షణం నుంచీ దూరపు చుట్టాలు 'మీ విషాదంలో పాలుపంచుకుంటున్నాం' అని రాస్తూనే ఉన్నారు.

ఆ ఫొటోలో ఇంటి పెద్ద మధ్యలో ఉండాల్సిందని గలాల్, పిల్ల తండ్రి ఉండాల్సిందని వగీహ్ వాదన మొదలుపెట్టారు. చీకటి పడినా అది తేలలేదు, కానీ ఈసారి ఇద్దరూ ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని పోట్లాడుకున్నారు.