బజరుకు మూత

ఆ ఉదయం అల్లుడి పథకం చిన్నదే. వాషింగ్ మెషీన్ల ఫ్యాక్టరీకి వెళ్ళాలి, బట్టలు ఉతకడం అయిపోగానే కుయ్యిమనే బజర్ల సాంపిళ్ళు ఇంజనీరమ్మ చేతిలో పెట్టాలి, మెషీను డ్రాయింగులో తమ కంపెనీ బజరును ఎక్కించుకుని రావాలి. ఒక్కసారి ఎక్కితే ఆ మోడల్ ఉన్నన్నాళ్ళూ ఆర్డర్లే. దానికోసమే రెండేళ్ళుగా ఆ గేటు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. ఈసారీ ఉత్తచేతులతో వస్తే ఇక ఆఫీసుకు రానక్కర్లేదని బాసు నిన్ననే చెప్పాడు.

అతిజాగ్రత్త మనిషి కనుక, తెగి ప్లాస్టరు వేసి ఉన్న బొటనవేలితోనే ఒక బజరును బ్యాటరీకి తగిలించి చూశాడు. అది ఇల్లెగిరిపోయేలా అరిచింది. అప్పుడే నిద్రపోయిన పాప లేచి అంతకంటే గట్టిగా అరిచింది.

"ఏంటండీ అల్లుడుగారూ! ఇంతసేపు జోకొట్టి ఇప్పుడే పడుకోబెట్టాను!" అంటూ అత్తగారు పరుగున వచ్చారు. అతను స్నానానికి వెళ్ళగానే, దెబ్బలకు వేసే ప్లాస్టరును గుండ్రంగా కత్తిరించి బజర్లన్నిటి నోళ్ళూ మూసేశారు. ఆ సంగతి చెప్పడం మాత్రం మరిచిపోయారు.

ల్యాబులో డబ్బా తెరిచిన ఇంజనీరమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. "పైన ఇదేంటండీ?"

అదేంటో అల్లుడికీ తెలీదు. కానీ సేల్సులో "తెలీదు" అన్నవాడు బాగుపడిన దాఖలా లేదు. "అదా మేడం? కొత్త పొర. శబ్దాన్ని మెత్తబరుస్తుంది."

మెషీనుకు బిగించారు. బజరు సిగ్గుపడుతూ కుయ్యిమంది. ఇంజనీరమ్మ మొహం చిట్లించింది. అల్లుడు మనసులో రాజీనామా రాసేసుకున్నాడు. అటుగా వెళ్తున్న ఫ్యాక్టరీ యజమాని టక్కున ఆగాడు.

"ఎవరిదమ్మా ఇది? మన మెషీన్ల గోలకి పిల్లలు లేచిపోతున్నారని రోజూ తిట్లే కదా. ఇదే పెట్టేయండి!"

ఇంజనీరమ్మ సంతకం చేసింది, పొరతో సహా. అల్లుడు ఆనందంగా ఒక బజరు అంచును గోటితో లేపి చూశాడు. చూసి, ఇది అత్తగారి పనేనని గ్రహించి, అదే ప్లాస్టరు చుట్టి ఉన్న తన బొటనవేలిని గబుక్కున జేబులో దాచుకున్నాడు.

"మేడం, కావాలంటే పొర తీసేసి ఇస్తాం," అని గొణిగాడు.

"తీసేస్తే అది వేరే పార్టు. పరీక్షలన్నీ మళ్ళీ మొదట్నుంచి."

అంటే ఇంకో రెండేళ్ళు. అల్లుడు లేపిన అంచును మళ్ళీ అతికించేశాడు.

"పొర మీ ఫ్యాక్టరీలోనే చేస్తారా?"

"లేదండీ... బయట ఒక పెద్దావిడ. చేత్తో చేస్తారు." ఆ రోజు అతని నోట వచ్చిన మొదటి నిజం అదే.

"అయితే మా క్వాలిటీ వాళ్ళు వచ్చి చూస్తారు. ఆవిడ పాసైతేనే ఆర్డరు."

సాయంత్రం అత్తగారి ముందు చేతులు కట్టుకుని జరిగినదంతా చెప్పాడు. ఉద్యోగం ఇప్పుడు ఆవిడ కత్తెర చివర వేలాడుతోంది.

"రమ్మనండి," అన్నారావిడ. "పాప నిద్రపోయే వేళ మాత్రం రాకూడదు. బెల్లు కొట్టకూడదు. ప్లాస్టరు వాళ్ళే తెచ్చుకోవాలి. నాకు కుదిరినప్పుడే కత్తిరిస్తాను. తొందరపెడితే మానేస్తాను."

అల్లుడు ఆ షరతులన్నీ ఫోన్లో ఇంజనీరమ్మకు అప్పజెప్పాడు.

"అన్నిటికీ సరేనని చెప్పండి," అంది ఇంజనీరమ్మ. "ఆవిడ వేరే కంపెనీకి మాటివ్వలేదు కదా? కాస్త మీరే ఎలాగోలా ఒప్పించాలి, ప్లీజ్."

కొనేవాళ్ళ చేత బతిమాలించుకున్న సప్లయరును అల్లుడు తన ఉద్యోగ జీవితంలో చూడటం అదే మొదటిసారి.